ఎగిరిపోలేని పిట్ట

అడవికెళ్ళి వచ్చిన ఫోటోగ్రాఫర్ని మా మిత్రుల్లో ఎవరైనా మొదట అడిగే మాట "ఏమన్నా దొరికిందా?" అని. దొరికితే "పులి పడింది" అంటాం. ఫోటో బాగా వస్తే "కొట్టేశాడ్రా" అంటాం. తెలుగులో ఫోటోని గీయం, రాయం, తీస్తాం. ముల్లు తీసినట్టో, బావిలోంచి చేద తీసినట్టో, ఉన్నచోటు నుంచి ఒకదాన్ని ఇవతలికి లాగడమే ఆ క్రియ. కాస్త గౌరవంగా చెప్దామని 'ఛాయాగ్రహణం' అన్న పెద్దలు కూడా పట్టుకోవడాన్ని వదల్లేదు. గ్రహణం అంటే పట్టడమేగా! ఇదంతా భాష చేసే అల్లరి అని కొట్టిపారెయ్యొచ్చు. నాకు మాత్రం ఈ విషయంలో మనకంటే మన భాషే నిజాయితీగా ఉందనిపిస్తుంది.

ఎందుకంటే ఈ విద్య పుట్టింది వేటలోంచే. జార్జ్ షిరాస్ అనే అమెరికన్ మొదట్లో వేటగాడు. రాత్రిపూట పడవ ముందు దీపం పెట్టుకుని చప్పుడు లేకుండా వెళ్ళి, ఒడ్డున జింక కళ్ళు మెరిస్తే ఆ రెండు మెరుపుల మధ్యకి గురిపెట్టడం అతనికి తెలిసిన వేట పద్ధతి. తర్వాత తుపాకీ స్థానంలో కెమెరా పెట్టాడు, మందుగుండు స్థానంలో ఫ్లాష్ పౌడర్ పెట్టాడు. మిగతాదంతా అదే. ఆ ఫోటోలు 1906లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో వచ్చి పెద్ద సంచలనం అయ్యాయి. మన దేశంలో అటవీ అధికారిగా పనిచేసిన ఎఫ్.డబ్ల్యూ. ఛాంపియన్ పులి నడిచే బాటలో తీగ కట్టి, పులి కాలు దానికి తగలగానే ఫోటో పడేలా ఏర్పాటు చేశాడు. 1927లో వచ్చిన అతని పుస్తకం 'విత్ ఎ కెమెరా ఇన్ టైగర్‌లాండ్' చూసి వేట మానినవాళ్ళున్నారంటారు. అది మంచిదే. కానీ తీగ కట్టడం ఎవరి విద్య? మంచె ఎవరిది? గాలివాలు చూసుకుని నడవడం ఎవరు నేర్పారు?

తూటా కంటే కెమెరా మేలు అన్నదాంట్లో నాకేం పేచీ లేదు. ఫోటో తీశాక జింక నడిచి వెళ్ళిపోతుంది, తూటా తగిలితే వెళ్ళదు. అయితే ఆ పోలికతోటే మన మనసు కుదుటపడిపోతోంది, అక్కడే నా ఇబ్బంది. చంపలేదు కాబట్టి ఏమీ చెయ్యలేదు అనుకుంటాం. చిత్రంగా, మన చట్టం అలా అనుకోలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 'వేట' అన్న మాటకిచ్చిన నిర్వచనంలో చంపడం, పట్టుకోవడంతో పాటు తరమడం, ఎర వెయ్యడం, పక్షుల గుడ్లనీ గూళ్ళనీ కదిలించడం కూడా చేర్చారు. అంటే గూడు సరిగ్గా కనబడ్డం లేదని అడ్డొచ్చిన కొమ్మని పక్కకి వంచి కట్టే ఫోటోగ్రాఫర్ చట్టం దృష్టిలో వేటగాడి వరసలో నిలబడతాడు. ఆ రోజుల్లో ఆ వాక్యం రాసినవాళ్ళు ఎవరోగానీ, వాళ్ళకి పిట్టలు తెలుసు.

ఇంక మా సంవత్సరం ఎలా నడుస్తుందో చెప్తాను. మాకు పంచాంగం కంటే కార్తెలు బాగా గుర్తుంటాయి.

శివరాత్రి దాటగానే మోదుగలు పూస్తాయి. ఆకన్నది లేకుండా చెట్టంతా నిప్పు. తేనె కోసం గోరింకలూ పసులపోలిగాళ్ళూ వాలతాయి. ఆకులు రాలిపోయి ఉంటాయి కాబట్టి దాక్కునే చోటుండదు, మాకు అడ్డు ఉండదు. తర్వాత ఇప్పపూలు. తర్వాత ఎండ ముదిరి రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే వేళకి, నల్లమలలాంటి అడవిలో వాగులన్నీ ఎండి నీటిచెలమలు ఏ నాలుగైదో మిగులుతాయి. అటవీశాఖ వాళ్ళు ట్యాంకర్లతో నీళ్ళు పోసే సాసర్ తొట్లు కొన్ని. దుప్పులు, కణితులు, అడవి పందులు, ఎలుగులు, అదృష్టం బాగుంటే పులి, అన్నీ అక్కడికే రావాలి. అందుకే అనుభవం ఉన్నవాళ్ళెవరైనా కొత్తవాళ్ళకి చెప్పే మొదటి సలహా: "మే నెలలో వెళ్ళు, నీళ్ళ దగ్గర కూర్చో." అడవికి కరువొస్తే మాకు పంట పండినట్టు.

మృగశిర, ఆరుద్ర కార్తెల్లో తొలకరి. ఎర్రమట్టి మీద మఖమల్ గుడ్డ తుంపుల్లా ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. పొన్నంకి పిట్ట తెల్లవారుజామున ఈల వేస్తుంది. గిజిగాళ్ళు బావుల మీదికి వంగిన తుమ్మకొమ్మలకి గూళ్ళు అల్లడం మొదలుపెడతాయి. పెద్దపులుల అభయారణ్యాలు వానల్లో మూసేస్తారు గానీ, ఊరి పొలిమేరల్లో, చెరువు గట్ల మీద ఎవరూ గేటు వెయ్యరు. గూళ్ళు, గుడ్లు, నోళ్ళు తెరిచిన పిల్లలు, నోట్లో పురుగుతో వాలే తల్లి. మా పోటీల్లో బహుమతులొచ్చే ఫోటోల్లో ఈ కాలానివి ఎన్నో లెక్కేస్తే ఆశ్చర్యపోతారు.

శరత్తులో అరకు వైపు వలిసె పూలు. చలికాలం వస్తే కొల్లేరు, పులికాట్, నేలపట్టు. వేల మైళ్ళు ఎగిరొచ్చిన బాతులు, రాజహంసలు, కడప చెట్ల మీద గూళ్ళు కట్టుకునే గూడబాతులు. ఆ తర్వాత మళ్ళీ శివరాత్రి.

ఈ జాబితాని ఒకసారి మావైపు నుంచి కాకుండా అవతలివైపు నుంచి చదవండి. మే నెలలో దాహం. జూన్లో జత, ఆగస్టులో గుడ్లూ పిల్లలూ. డిసెంబరులో అలసట, ఆకలి. మేము ఎదురుచూసే ప్రతి రుతువూ ఆ జంతువుకి అక్కణ్ణుంచి కదలడం కష్టమైన రుతువే. దానికి బోలెడన్ని దారులున్న రోజుల్లో అది మాకు కనబడదు, లేదా కనబడి వెళ్ళిపోతుంది. వెళ్ళిపోతున్న జంతువు వీపు ఫోటోకి ఎవరూ బహుమతి ఇవ్వరు.

మనిషిని ఫోటో తీసేటప్పుడు అడుగుతాం, లేదా అడగాలి. అతను వద్దనొచ్చు, మొహం తిప్పుకోవచ్చు, డబ్బులివ్వమనొచ్చు, తిట్టొచ్చు. అడవి జంతువు దగ్గర 'వద్దు' అని చెప్పడానికి ఉన్నది ఒక్కటే మాట: వెళ్ళిపోవడం. అది ఎగిరిపోతే వద్దన్నట్టు. ఉండిపోతే? ఇక్కడే మేమంతా ఒక లెక్క వేసుకుంటాం. "చూడు, నన్ను పట్టించుకోలేదు, నన్ను ఒప్పుకుంది" అంటాం. గుడ్ల మీద కూర్చున్న పిట్ట ఉండిపోయిందంటే మనల్ని ఒప్పుకుందనా, గుడ్లని వదల్లేకనా? చెలమ దగ్గర దుప్పి మన జీపుని చూసి కూడా నీళ్ళు తాగిందంటే మనమంటే భయం లేకనా, ఇంకో చెలమ లేకనా? పైకి కదలకుండా కూర్చున్న పక్షి లోపల స్థిమితంగా ఉందని కూడా చెప్పలేం. మనిషి దగ్గరికొస్తే, కదలని పెంగ్విన్ల గుండె కూడా వేగంగా కొట్టుకుంటుందని వాటి మీద జరిగిన పరిశోధనల్లో తేలింది.

ఆదిపర్వంలో కిందముడి కథ మనందరికీ తెలిసిందే. లేడి రూపంలో భార్యతో కలిసున్న మునిని పాండురాజు బాణంతో కొడతాడు. రాజులకి మృగాలని వేటాడడం ధర్మమేనని పాండురాజు వాదిస్తాడు. నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉండేది ఆ వాదనకి కిందముడిచ్చే జవాబు. వేటాడినందుకు నిన్ను తప్పుపట్టడం లేదంటాడు. ఆ ఒక్క సమయం ఆగి ఉండాల్సింది, అదే నీ నేరం అంటాడు. చచ్చిపోతున్న జింక అంత చిన్న ఫిర్యాదు చేస్తుందని ఎవరనుకుంటారు! చంపడం కంటే చంపిన వేళ పెద్ద తప్పు. క్రౌంచపక్షి కథలో కూడా బాణం తగిలింది జతగా ఉన్న వేళే. అహింస సంగతి పూర్తిగా తేల్చని ఆ పాత కథలు, ఏ వేళ చెయ్యకూడదన్న సంగతి మాత్రం ఖచ్చితంగా తేల్చాయి. మేమేమో చంపడం మానేశాం, వేళ మాత్రం అదే ఉంచుకున్నాం.

దీనికి నాకు తెలిసిన గట్టి ఎదురువాదం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసెయ్యలేను. ఫోటోలు లేకపోతే అడవి గురించి ఎవరికి పడుతుంది? కలివికోడి సంగతే చూడండి. జెర్డన్ అనే ఆయన 1848లో శాస్త్రానికి పరిచయం చేసిన పిట్ట. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రి టార్చి వెలుతుర్లో దాన్ని పట్టాడు. ఆ పిట్ట బతకలేదు. కానీ ఆ చావుతోనే అది ఉందని లోకానికి తెలిసింది, శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. తర్వాత పరిశోధకులు పొదల మధ్య ఆటోమేటిక్ కెమెరాలు పెట్టారు, మెత్తటి మట్టి పరిచి అడుగుజాడలు చూశారు, కూతని రికార్డు చేసి వినిపించి అది జవాబిస్తుందేమో విన్నారు. తెలుగుగంగ కాలువ ఆ పొదల్లోంచి పోబోతే, అక్కడ ఆ పిట్ట ఉందన్న సాక్ష్యం వల్లే కాలువ దారి మార్చాల్సొచ్చింది. కూత వినిపించి పిట్టని పిలవడం తప్పు అని నేను ఊరంతా చెప్తుంటాను. ఇక్కడ అదే పని దాని ఇంటిని నిలబెట్టింది.

కాబట్టి ఫోటోల వల్ల మేలు జరగదని అనను. ఏ ఫోటోల వల్ల జరిగింది అని మాత్రం అడుగుతాను. అవి ఎవరూ ఫ్రేము కట్టించుకునేవి కావు. 2018 పులుల గణనలో దేశమంతా 26,838 చోట్ల కెమెరాలు పెడితే 3,48,58,623 ఫోటోలు వచ్చాయి. వాటిలో పులులున్నవి 76,651. మిగతావన్నీ చిరుతలు, జింకలు, పశువులు, దారినపోయే మనుషులు. చారలు పోల్చుకోవడానికి పనికొస్తే చాలు, వెలుతురు ఎలా ఉంటే ఏం. తీసినవాడి పేరుండదు, ఎందుకంటే తీసినవాడు అక్కడ లేడు. ఇక నా ఫోటో, అంటే సాయంకాలపు బంగారు ఎండ వెనకనుంచి పడుతూ గిజిగాడు గూటికి వేలాడుతున్నది, ఒక్క గిజిగాణ్ణి కాపాడిందని నేను చెప్పుకోలేను. దాన్ని నా కోసం తీసుకున్నాను. అందం కోసం. అందం కోసం తియ్యడం తప్పు కాదు, కానీ దాన్ని సంరక్షణ ఖాతాలో రాసుకోవడం నాకు నచ్చదు.

మనకి కోపాలు కూడా ఎక్కడొస్తాయో చూడండి. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్ళిచ్చే ప్రసిద్ధ వన్యప్రాణి ఫోటో బహుమతిని 2009లో గేటు దూకుతున్న తోడేలు ఫోటోకి ఇచ్చి, అది మచ్చికైన తోడేలై ఉంటుందని తర్వాత వెనక్కి తీసుకున్నారు. 2017 పోటీలో చెదపుట్ట దగ్గరికొచ్చిన చీమలుతినే జంతువు ఫోటోకి ఇంకో బహుమతి ఇచ్చారు, అందులోది గడ్డి కూరిన బొమ్మ అని నిపుణులు తేల్చాక అదీ రద్దయింది. పత్రికలన్నీ రాశాయి. సరే, మోసం మోసమే. కానీ గడ్డి కూరిన బొమ్మకి భయం వెయ్యదు, దాహం వెయ్యదు. అక్కడ మోసపోయింది మనం, అందుకే మనకి మండింది. అదే ఎరిక్ హోస్కింగ్ సంగతి ఎలా చెప్పుకుంటాం? బ్రిటన్‌లో పక్షుల ఫోటోలకి పెద్ద పేరు. 1937లో గుడ్లగూబ గూటి దగ్గరికి వెళ్తే అది గోళ్ళతో కొట్టి ఒక కన్ను తీసేసింది. అయినా మానలేదు, ఆత్మకథకి 'యాన్ ఐ ఫర్ ఎ బర్డ్' అని పేరు పెట్టుకున్నాడు. నేను విన్న ప్రతిసారీ ఇది అతని పట్టుదల కథగానే విన్నాను. పిల్లల్ని కాపాడుకున్న గుడ్లగూబ కథగా ఎవరూ చెప్పలేదు.

ఒక చలికాలం పులికాట్‌లో పడవెక్కాను. నీళ్ళు మోకాలి లోతు కూడా లేని చోట దూరంగా రాజహంసల గుంపు, తలలు కిందికి పెట్టి మేస్తున్నాయి. పడవతను వాసం ఆపి అడిగాడు.

"లేపమంటారా సార్?"

"వద్దన్నా, మేత మీదున్నాయి."

"అందరూ లేపమంటారు సార్. ఎగిరితేనే లోపలి ఎరుపు కనబడేది. మేసే పక్షికి డబ్బులెవరిస్తారు?"

అతని మాటలో తప్పు పట్టాల్సిందేమీ నాకు కనబడలేదు. బజారులో ఏది చెల్లుతుందో అది అమ్ముతున్నాడు. ఆ ఎరుపుకి ధర కట్టింది మేము. ఎగిరిన గుంపు మళ్ళీ దిగేసరికి ఆ పూట మేతలో కొంత పోతుంది. మళ్ళీ ఇంకో పడవ వస్తుంది. ఒక్కొక్కరం ఒక్కసారే లేపుతాం, అందుకే ఎవరికీ తన వాటా పెద్దదిగా అనిపించదు. ఆ రోజు కూర్చుని మేస్తున్న రాజహంసల్నే తీశాను. ఎరుపు లేదు, నిజమే.

ఇక మేము ఫ్రేములోంచి తీసేసేవాటి గురించి. కొల్లేరులో ఆటపాక దగ్గర గూడబాతులు గూళ్ళు పెట్టేది చాలావరకు ఇనప స్టాండ్ల మీద. చెట్లు చాలక అటవీశాఖ నిలబెట్టినవి. అక్కడ ఫోటో తీసే ప్రతివాడూ స్టాండు కనబడకుండా తియ్యడానికి నానా తంటాలు పడతాడు. అంతర్జాతీయ పోటీల్లో 'నేచర్' విభాగం నిబంధనలు మనిషి చేతి ఆనవాళ్ళు వద్దంటాయి. మనిషి మార్చిన చోట బతకడం అలవాటు చేసుకున్న కొంగల్లాంటివాటికి మినహాయింపు ఉంది గానీ, దాన్ని వాడుకునే ధైర్యం చేసేవాళ్ళు తక్కువ. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపలచెరువుల గట్లు పగలగొట్టిన సరస్సు అది. ఆ చెరువుల మీద బతికినవాళ్ళ గొడవ ఇప్పటికీ తేలలేదు. అన్నీ కత్తిరించేసి, పొగమంచులో రెక్క విప్పిన ఒక్క గూడబాతుని చూపిస్తే అది కొల్లేరు అవుతుందా? నాకైతే ఇనప స్టాండు మీద, తుప్పు కనబడేలా, పిల్లకి మేత పెడుతున్న గూడబాతే ఎక్కువ నచ్చుతుంది. అందులో ఆ పక్షి ఎంత సర్దుకుపోయిందో ఉంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో అయితే పక్షులొచ్చేది ఊరి చింతచెట్ల మీదకే. పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు ఊళ్ళోవాళ్ళు. వాళ్ళని తప్పించి ఆ పక్షుల్ని తియ్యడం పుట్టింటిని కోసేసి పెళ్ళిఫోటో దాచుకున్నట్టుంటుంది.

నేలకి ఇలాంటి బాధ లేదు కదా, కొండని తీస్తే కొండకేం పోతుంది అంటారు. కొండ సంగతేమోగానీ కొండమీద మనుషులున్నారు. వలిసె పూలు పసుప్పచ్చగా విరిసే రోజుల్లో అరకు దారిలో ఆగని కారు ఉండదు. చేలో దిగి తొక్కుతూ ఫోటోలు తీసుకుంటారు. ఈమధ్య రైతులు చేను గట్టున నిలబడి, లోపలికొస్తే మనిషికింత అని వసూలు చేస్తున్నారు. "ప్రకృతికి టిక్కెట్టా!" అని ఒకాయన నా ఎదురుగానే చిరాకు పడ్డాడు. అది ప్రకృతి కాదండీ, నూనెగింజల పంట. నాకు ఆ వసూలు చాలా సంతోషంగా అనిపించింది. ఈ మొత్తం వ్యవహారంలో తియ్యబడుతున్న వాళ్ళ వైపు నుంచి ఒకరు లేచి "ఆగండి" అనగలిగిన చోటు అదొక్కటే నేను చూశాను.

గిజిగాడికి ఆ వీలు లేదు. అందుకని దాని తరఫున నేనే కొన్ని నిబంధనలు పెట్టుకున్నాను. అవి అందరికీ వర్తిస్తాయని అనను. గూట్లో గుడ్లున్నప్పుడు పోను. నీటిచెలమ దగ్గరైతే, రాబోయే జంతువుకి ఇంకో వైపు దారి తెరిచి ఉన్న చోట మాత్రమే కూర్చుంటాను. ఫోటో కింద ఊరి పేరు రాయను, జిల్లా పేరుతో ఆగిపోతాను. ఈ చివరి దానికి మాత్రం బోలెడు చీవాట్లు తిన్నాను. డిగ్రీ చదివే ఒక కుర్రాడు సూటిగానే అడిగాడు: "మీకు చూపించినవాళ్ళు కూడా ఇలాగే దాచుకునుంటే మీరు ఎక్కడ నేర్చుకునేవాళ్ళన్నా? మీరు లోపలికెళ్ళాక తలుపేస్తున్నారు." దీనికి నా దగ్గర జవాబు లేదు. చూడకుండా ఎవరూ ప్రేమించరు, అందరూ చూస్తే ఆ పిట్ట మిగలదు. ఈ రెండూ నిజమే, ఒకదాన్ని ఇంకోటి కొట్టెయ్యదు.

ఆ అబ్బాయిని కిందటి కార్తీకంలో గిజిగాళ్ళ బావి దగ్గరికి తీసుకెళ్ళాను. పిట్టలు లేవు, పిల్లలు ఎగిరిపోయాయి. గాలికి తెగిపడిన గూళ్ళు రెండు మూడు గట్టు మీద ఉన్నాయి. ఒకటి చేతికిస్తే లోపల వేలు పెట్టి చూసి, గోడకి అంటించిన మట్టిముద్ద తగిలి, ఇదెందుకు అని అడిగాడు. ఎందుకో రకరకాలుగా చెప్తారు, గాలికి ఊగకుండా బరువు కోసమని కొందరంటారు అన్నాను. చాలాసేపు ఆ అల్లికనే ఫోటోలు తీశాడు, దగ్గరగా, నేల మీద బోర్లా పడుకుని, ఎవరినీ భయపెట్టకుండా.

తిరిగొచ్చేటప్పుడు బండి మీద వెనకనుంచి అడిగాడు. "జూన్లో కడుతుంటాయిగా, అప్పుడొద్దామా అన్నా?"

"అవతలి గట్టు మీద కూర్చుంటానంటే వద్దాం."

"అక్కణ్ణుంచి నా లెన్స్‌కి ఏమీ రాదన్నా."

"రాదు," అన్నాను.